ఇరాక్ యుద్ధం: పొరపాటు పడ్డారా, ముందే డిసైడ్ అయ్యి తర్వాత కారణాలు వెతికారా?

పిట్టకథ_శీను
మావాడు ఇక్కడ టెక్సాస్ ప్లేనోలో పదో తరగతి. హిస్టరీ క్లాసులో ఇరాక్ యుద్ధం మీద రెండు పేజీలు రాయాలంట. వాళ్ళకిచ్చిన నోట్సులో "తప్పుడు ఇంటెలిజెన్స్ ఆధారంగా 2003లో అమెరికా ఇరాక్ మీదకి వెళ్ళింది" అని ఒకే ఒక్క లైను ఉంది. అంటే ఇరాక్ అధ్యక్షుడు సద్దాం దగ్గర సామూహిక వినాశక ఆయుధాలున్నాయని పాపం ఎవడో తప్పు చెప్తే నమ్మేశారు అన్నట్టు. నాన్నా ఇంత పెద్ద దేశం, ఇన్ని శాటిలైట్లు, పొరపాటు ఎలా పడతారు అని అడిగాడు. ఆయిల్ కోసంరా అన్నా. మరి ఆయిల్ ఎవరికొచ్చింది అన్నాడు. ముందు అన్నం తినరా అన్నా. తెలిసినవాళ్ళు చెప్పండి, అసలు కారణం ఏంటి? వాట్సాప్ ఫార్వర్డులు మాత్రం వద్దు, వాడు ప్రతిదానికీ ఆధారం అడుగుతున్నాడు.

ఉప్మా_వద్దు
"అన్నం తినరా" అనేది మన నాన్నలందరి విదేశాంగ విధానం

ఓరుగల్లు_అన్న
గిందుల సోంచాయించేది ఏమున్నదన్నా, ఆయిలే. డిక్ చెనీ వైస్ ప్రెసిడెంట్ కాకముందు ఏం జేశిండు, 1995 నుంచి 2000 దాక ఆయిల్ బావుల పనులు జేశే హాలీబర్టన్‌కు సీఈవో. 2001 మార్చిల, అంటే న్యూయార్క్‌ల టవర్లు కూలకముందే, ఆయన ఎనర్జీ టాస్క్‌ఫోర్స్ కాగితాలల్ల ఇరాక్ ఆయిల్ ఫీల్డుల మ్యాపులున్నయ్, పైపులైన్లు, రిఫైనరీలు, ఏ దేశం కంపెనీ ఏ ఫీల్డు కోసం లైన్ల నిలవడ్డదో ఆ లిస్టు సుత ఉన్నది. కోర్టుకు పోతే 2003ల బయటకొచ్చినయ్. బాగ్దాద్ పట్టుకున్నంక ఏం జేశిన్రు? నేషనల్ మ్యూజియం లూటీ అయితుంటే చూసుకుంట నిలవడ్డరు, ఆయిల్ మినిస్ట్రీ ముంగట మాత్రం ట్యాంకులు వెట్టిన్రు. నీ కొడుక్కు గిదొక్కటి చాలు.

టెక్సాస్_తాత
ఓరుగల్లు తమ్ముడూ, నేను ఎనభైల నుంచి హ్యూస్టన్‌లో ఉన్నాను, రిటైర్ అయ్యేదాకా ఆయిల్ కంపెనీల్లోనే చేశాను. 2002లో మా ఆఫీసుల్లో యుద్ధం కావాలని ఎవరూ ఎదురుచూడలేదు. కంపెనీలకి కావల్సింది ఆంక్షలు ఎత్తేయడం. 1990 నుంచి ఉన్న ఆ ఆంక్షలు తీసేస్తే సద్దాం తనే సంతోషంగా కాంట్రాక్టులు ఇచ్చేవాడు, రష్యా వాళ్ళకీ చైనా వాళ్ళకీ అప్పటికే ఇచ్చాడు కూడా. బావులు పేలిపోయే చోట, పైపులైను రోజూ ఎవడో ఒకడు కోసే చోట డబ్బు పెట్టడానికి ఏ ఆయిలువాడూ ఇష్టపడడు.

ఆ మ్యాపులు నిజమే, నేనూ చూశాను. కానీ అదే కాగితాల కట్టలో సౌదీవీ, ఎమిరేట్స్‌వీ మ్యాపులున్నాయి, మరి వాళ్ళ మీదకి వెళ్ళలేదు కదా.

ఓరుగల్లు_అన్న
తాతా సౌదీ ఎట్లాగూ జేబులనే ఉండె గదా, ఆడికి పోవుడెందుకు

మిట్టమధ్యాహ్నం
శీనుగారూ, మీవాడి ప్రశ్న మన ప్రశ్నకంటే బాగుంది. కారణం ఏంటి అనేదానికంటే ముందు, నిర్ణయం ఎప్పుడు తీసుకున్నారు, సాక్ష్యం ఎప్పుడు సంపాదించారు, ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడమనండి. పొరపాటైతే సాక్ష్యం ముందు రావాలి, నిర్ణయం తర్వాత రావాలి. ఇక్కడ మొత్తం రివర్సు.

2001 జనవరిలో బుష్ సర్కారు మొదటి జాతీయ భద్రతా మీటింగులోనే ఇరాక్ అజెండాలో ఉందని అప్పటి ట్రెజరీ సెక్రటరీ పాల్ ఓనీల్ తర్వాత చెప్పాడు. 11 సెప్టెంబర్ మధ్యాహ్నం, పెంటగాన్ ఇంకా కాలుతూ ఉండగానే, రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ చెప్తుంటే ఆయన మనిషి రాసుకున్న నోట్సు బయటకొచ్చాయి, బిన్ లాడెన్‌తో పాటు సద్దాంని కూడా అదే దెబ్బకి కొట్టొచ్చేమో చూడండి, సంబంధం ఉన్నవీ లేనివీ అన్నీ ఊడ్చేయండి అని. అదే నవంబర్ 21న బుష్ రమ్స్‌ఫెల్డ్‌ని పక్కకి పిలిచి ఇరాక్ యుద్ధం ప్లాను ఎక్కడిదాకా వచ్చిందని అడిగాడు. ఆయుధాలున్నాయని సీఐఏ పెద్ద రిపోర్టు, ఎన్ఐఈ అంటారు దాన్ని, అది తయారైంది 2002 అక్టోబర్‌లో. అదీ సెనేటర్లు అడిగితే, వాళ్ళు ఓటెయ్యాలి కాబట్టి కొన్ని వారాల్లో హడావిడిగా రాసింది. ముహూర్తం పెట్టేసుకుని, శుభలేఖలు వేయించేసి, ఆఖర్న సిద్ధాంతి దగ్గరికెళ్ళి జాతకాలు కలిశాయని రాయించుకున్నారన్నమాట.

ఉప్మా_వద్దు
సిద్ధాంతి పేరు జార్జ్ టెనెట్, అప్పటి సీఐఏ బాసు. కలిశాయా అంటే "స్లామ్ డంక్", అంటే గ్యారంటీ, అన్నాడట

రాయచోటి_రెక్క
అందరూ అమెరికాని తిడతాండారు సరే, నాది ఇంకో కథ. మా నాయన 1990లో కువైట్‌లో డ్రైవరు. మా పక్క, రాజంపేట పక్క ఇంటికొకరు కువైట్‌లో ఉండే కాలం అది. ఆగస్టు 2న సద్దాం మిలిటరీ వచ్చి పడింది. దినార్లు కాగితాలైపోయినాయి, షేక్ పారిపోయినాడు, జీతం లేదు. బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ పోయి, ఎడారిలో క్యాంపులో పడుండి, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానం ఎక్కి బొంబాయిలో దిగినాడు. ఒంటిమీద గుడ్డలు తప్ప ఏమీ లేవు. అట్లా లక్షా డెబ్బై వేలకు పైగా మనోళ్ళు వచ్చినారు. తెచ్చిన అప్పు తీర్చేదానికి మాకు ఏండ్లు పట్టింది.

2003లో సద్దాం బొమ్మ పడగొడతాంటే టీవీలో చూసి మా నాయన చప్పట్లు కొట్టినాడు. ఆయిల్ కోసమో ఇంకోదాని కోసమో, ఆ దొంగనాకొడుకు పోయినాడు గదా అన్నాడు. మీరు చెప్పే కాగితాలన్నీ నిజమే కావచ్చు, మా ఇంట్లో మాత్రం బుష్ ఫోటో పెట్టకపోవడం ఒకటే తక్కువ.

లండన్_లక్ష్మి
రెక్కగారూ మీ నాన్నగారి కోపం న్యాయమే, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. కానీ 1990లో చేసిన దానికి 1991లోనే యుద్ధం అయిపోయింది కదండీ, కువైట్ నుంచి తరిమేశారు. 2003లో చెప్పిన కారణం కువైట్ కాదు.

నేను అప్పుడు లండన్‌లో ప్లాబ్ (డాక్టర్ల పరీక్ష) రాసి ఉద్యోగం కోసం తిరుగుతున్నా. ఫిబ్రవరి 15న యుద్ధం వద్దని జరిగిన హైడ్ పార్క్ ర్యాలీకి రూమ్మేట్లు లాక్కెళ్ళారు. చేతులు గడ్డకట్టుకుపోయే చలి, అయినా ఎటు చూసినా జనమే, ముసలమ్మలు, చర్చి ఫాదర్లు, స్కూలు పిల్లలు. తక్కువలో తక్కువ ఏడున్నర లక్షలని పోలీసులే ఒప్పుకున్నారు. ఇంతమంది వద్దంటే ఆగుతారేమో అనుకున్నా. నెల తిరిగేసరికి బాంబులు పడ్డాయి.

ఇక్కడి కథ ఇంకా ఘోరం. 2002 సెప్టెంబర్‌లో ప్రధాని బ్లెయిర్ ఒక డోసియర్, అంటే ఆధారాల నివేదిక, విడుదల చేశాడు, సద్దాం 45 నిమిషాల్లో ఆయుధాలు ప్రయోగించగలడు అని. మర్నాడు పేపర్లనిండా 45 నిమిషాలే. ఆ ముక్క వచ్చింది ఎక్కడో ఒక్క సోర్సు నుంచి, అది కూడా యుద్ధభూమిలో వాడే చిన్న ఆయుధాల గురించి. డోసియర్‌ని మసాలా పెట్టి వండారని బీబీసీ విలేకరి చెప్తే, ఆ విలేకరితో మాట్లాడిన డేవిడ్ కెల్లీ అనే సైంటిస్టు పేరు బయటికి లాగారు. ఆయన 2003 జులైలో చనిపోయి కనిపించాడు.

శీనుగారి అబ్బాయికి అసలైన కాగితం కావాలంటే డౌనింగ్ స్ట్రీట్ మెమో. 23 జులై 2002, ప్రధాని ఆఫీసులో జరిగిన మీటింగు మినిట్స్. బ్రిటిష్ గూఢచారి సంస్థ అధిపతి అప్పుడే వాషింగ్టన్ నుంచి వచ్చి చెప్పిన మాట అందులో రాసుంది, ఇంటెలిజెన్సునీ వాస్తవాల్నీ పాలసీకి తగ్గట్టు అమర్చుతున్నారు అని. 2005లో సండే టైమ్స్‌లో వచ్చింది. ఏ బ్లాగరో రాసింది కాదు, సొంత ప్రభుత్వం సొంత కాగితం.

పిట్టకథ_శీను
లక్ష్మిగారూ ఇది వాడికి చెప్పా, వెంటనే ప్రింటు తీశాడు. మధ్యాహ్నంగారి తేదీలు కూడా రాసుకున్నాడు. ఇంకా చెప్పండి. నేను మళ్ళీ అన్నం తిను అనాల్సిన అవసరం రాలేదు.

బ్యాలెన్స్‌షీట్
సీఏ బుర్రతో ఒక మాట. లాభం ఎవరికొచ్చిందో చూసి కారణం వాళ్ళే అని తేల్చడం తప్పు. ఆడిట్‌లో ఇలా రాస్తే మా బాసు పెన్ను విసిరేస్తాడు.

ఆయిల్ లెక్క చూడండి. 2009లో ఇరాక్ వేలం పెట్టింది. అన్నిట్లోకీ పెద్దదైన రుమైలా ఫీల్డు బీపీకీ చైనా సీఎన్పీసీకీ కలిపి పోయింది, అది కూడా వాటా కాదు, బ్యారెల్‌కి 2 డాలర్ల ఫీజు. వాళ్ళు 3.99 అడిగితే ఇరాక్ వాళ్ళు 2కి దించారు. వెస్ట్ ఖుర్నా-2 రష్యా లుకాయిల్‌కి పోయింది. మజ్నూన్ షెల్‌కీ మలేషియా పెట్రోనాస్‌కీ. అమెరికా వాళ్ళ ఎక్సాన్ ఒక్క వెస్ట్ ఖుర్నా-1 పట్టుకుంది, చివరికి అదీ వదిలేసి వెళ్ళిపోయింది, ఇప్పుడక్కడ పెట్రోచైనా. ఇంక కొనేవాళ్ళలో పెద్దవాళ్ళు చైనా, ఇండియా. రష్యా చమురు మొదలవ్వకముందు కొన్నేళ్ళు మన దేశానికి క్రూడ్ అమ్మినవాళ్ళలో ఇరాక్‌దే ఫస్ట్ ప్లేసు.

ఉప్మా_వద్దు
అంటే అమెరికా వాడి ప్రాణాలు, అమెరికా వాడి డబ్బు, పెట్రోలు మాత్రం విశాఖ రిఫైనరీకి. థ్యాంక్స్ బుష్ మామా

ఓరుగల్లు_అన్న
@బ్యాలెన్స్‌షీట్ దొంగతనం జేయవోయి దొరకకుంట వచ్చిండంటే దొంగతనానికే పోలేదనా నీ లెక్క? ఎందుకు పోయిండన్నది ఒకటి, ఏం దొరికిందన్నది ఒకటి. 2007ల అలన్ గ్రీన్‌స్పాన్, ఫెడరల్ రిజర్వ్‌కు చైర్మన్ జేశినాయన, సొంత రిపబ్లికన్, ఆయననే రాశిండు ఈ యుద్ధం ఎక్కువ మటుకు ఆయిల్ గురించే అని. ఇది అందరికీ తెల్శిందే గని ఒప్పుకోవుడు కష్టం అన్నడు.

టెక్సాస్_తాత
గ్రీన్‌స్పాన్ తర్వాత ఇచ్చిన ఇంటర్వ్యూలు కూడా చదువు తమ్ముడూ. ప్రభుత్వం ఉద్దేశం అదేనని నేను అనలేదు, ఆయిల్ సప్లై భద్రత దృష్ట్యా సద్దాంని తీసెయ్యడం అవసరమని నా అభిప్రాయం అన్నాడు. రెండిటికీ తేడా ఉంది.

మిట్టమధ్యాహ్నం
తాతగారూ ఆ తేడా నాకు కనిపించలేదు. ఆయిల్ కంపెనీ కోసం యుద్ధం చేయడం వేరు, ఆ ప్రాంతం మొత్తం మీద పట్టు కోసం చేయడం వేరు, ఒప్పుకుంటా. ఎక్సాన్ బాలెన్సు చూసి ఆయిల్ కోసం కాదు అనడం చాలా చిన్న లెక్క. గల్ఫ్‌లో ఎవడు బలవంతుడు, ట్యాంకర్ల దారి ఎవడి చేతిలో ఉంది అన్నది అసలు లెక్క. అందులో ఒక్క బ్యారెల్ కూడా ఇంటికి మోసుకెళ్ళక్కర్లేదు.

ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. 1990 నుంచి సౌదీలో అమెరికా సైన్యం ఉంది, బిన్ లాడెన్ గొడవంతా దాని మీదే. సద్దాం ఉన్నంతకాలం అక్కణ్ణుంచి కదల్లేరు. బాగ్దాద్ పడ్డ నెలలోనే, 2003 ఏప్రిల్‌లో, సౌదీ నుంచి సైన్యాన్ని తీసేస్తున్నామని ప్రకటించారు. రమ్స్‌ఫెల్డ్ డిప్యూటీ వుల్ఫోవిట్జ్ ఆ మే నెల ఇంటర్వ్యూలో దీన్ని పెద్ద లాభంగా చెప్పుకున్నాడు. అదే ఇంటర్వ్యూలో ఇంకో ముక్క కూడా అన్నాడు, శీనుగారి అబ్బాయి దీన్ని అండర్‌లైన్ చేసుకోవాలి: ప్రభుత్వంలో అందరూ ఒప్పుకోగలిగిన కారణం ఒక్కటే కాబట్టి సామూహిక వినాశక ఆయుధాల మీద స్థిరపడ్డాం అని. అంటే ఒక్కో గదిలో ఒక్కో కారణం ఉంది. ఒకాయనకి మొత్తం మధ్యప్రాచ్యాన్ని మార్చేయాలి, ఒకాయనకి అమెరికా అంటే లోకం హడలిపోవాలి, ఒకాయనకి 1991లో సగంలో వదిలేసిన పని పూర్తి చేయాలి. గేటు మీద బోర్డు మాత్రం ఒకటే.

గుంటూరు_గన్
ఇంకొకటి మర్చిపోయారు బాస్, సద్దాం మా నాన్నని చంపబోయాడు అని బుష్ స్వయంగా 2002 సెప్టెంబర్‌లో టెక్సాస్ మీటింగులో అన్నాడు. 1993లో వాళ్ళ నాన్న కువైట్ వెళ్తే కారు బాంబు ప్లాను బయటపడింది కదా. ఫ్యాక్షన్ సినిమా కథంతా ఇక్కడే ఉంది, మనం అనవసరంగా చమురు అంటున్నాం

రాయచోటి_రెక్క
ఫ్యాక్షన్ అనంగానే మా సీమ వైపు చూడొద్దు సామీ, మేము ఖండాలు దాటి పోలేదు ఎప్పుడూ

బెజవాడ_బుల్లోడు
అసలు దీనెనకాల ఉంది ఇంకో దేశం, ఇంకో మతం. అందరికీ తెల్సు, పేరు చెప్పడానికి భయం

గేటుకీపర్ (మోడరేటర్)
బుల్లోడు, ప్రభుత్వాల పేర్లు, మంత్రుల పేర్లు, కాగితాలు చెప్పు, ఎంతైనా మాట్లాడు. మతాన్ని లాగితే పోస్టు తీసేస్తా. తర్వాతవి మూడు తీసేశాను కూడా.

పల్నాటి_ప్రశ్న
నాకొక డౌటు. ఆయుధాలు లేవని వాళ్ళకి నిజంగా తెలుసా? తెలిస్తే, దొరక్కపోతే పరువు పోతుందని తెలీదా? దొంగ సాక్ష్యం పెట్టేవాడు కనీసం రెండు డ్రమ్ములు తెచ్చి అక్కడ పడేసేవాడు కదా.

మిట్టమధ్యాహ్నం
మంచి ప్రశ్న. నా లెక్కలో, పాత రసాయన ఆయుధాలు ఎంతో కొంత దొరుకుతాయని చాలామంది నిజంగానే అనుకున్నారు. ఇరాన్ యుద్ధంలో సద్దాం అవి వాడాడు, 1988లో హలబ్జాలో సొంత దేశపు కుర్దుల మీద వాడాడు. (అప్పుడు అమెరికా ఎవరి పక్కన ఉందో అడక్కండి, 1983 డిసెంబర్‌లో బాగ్దాద్ వెళ్ళి సద్దాంకి షేక్‌హ్యాండ్ ఇచ్చొచ్చింది ఇదే రమ్స్‌ఫెల్డ్.) ఉందేమో అనే అనుమానం అబద్ధం కాదు. "అనుమానం లేదు" అని చెప్పడం అబద్ధం. 2002 ఆగస్టు 26న చెనీ సరిగ్గా అదే అన్నాడు, ఎలాంటి సందేహం లేదు అని. రిపోర్టు లోపల మాత్రం సందేహాలే సందేహాలు.

అల్యూమినియం ట్యూబులు చూడండి. అణుబాంబు కోసం యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజులకే పనికొస్తాయన్నారు. అమెరికాలో సెంట్రిఫ్యూజుల గురించి అందరికంటే బాగా తెలిసింది ఇంధన శాఖ నిపుణులకి, వాళ్ళు ఇవి 81 మిల్లీమీటర్ల రాకెట్ల గొట్టాలు అన్నారు. విదేశాంగ శాఖ సొంత ఇంటెలిజెన్స్ విభాగం కూడా వాళ్ళతోనే ఏకీభవించింది. ఈ అసమ్మతి రహస్య రిపోర్టులో ఉంది, జనానికిచ్చిన కాపీలో ఆ శాఖల పేర్లు ఎగిరిపోయాయి.

నైజర్ యురేనియం సంగతి సరే సరి. సద్దాం ఆఫ్రికా నుంచి యురేనియం కొనబోయాడని బుష్ 2003 జనవరి 28న కాంగ్రెస్ ముందు చెప్పాడు, మార్చి 7న అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అధిపతి అల్‌బరదై ఆ నైజర్ పత్రాలు ఫోర్జరీ అని భద్రతా మండలిలో తేల్చేశాడు. రెండు వారాల్లోపే యుద్ధం మొదలు. ఫోర్జరీ అని తేలాక కూడా ఆగకపోతే దాన్ని ఇంటెలిజెన్స్ లోపం అని ఎలా అంటాం?

లండన్_లక్ష్మి
ఐక్యరాజ్యసమితి ఆయుధ తనిఖీలు కూడా జరుగుతూనే ఉన్నాయి కదా. హాన్స్ బ్లిక్స్ టీము 2002 నవంబర్ ఆఖర్లో వెళ్ళింది, ఇంకొన్ని నెలలు టైమివ్వండి అన్నాడు ఆయన. మార్చి 18న వాళ్ళు బయటికి వచ్చేయాల్సి వచ్చింది. నిజంగా ఆయుధాల భయమే అయితే వెతికేవాణ్ణి ఎందుకు పంపేస్తారు? నాకు మొత్తం ఎపిసోడ్‌లో ఇదొక్కటే చాలు.

టెక్సాస్_తాత
బ్లిక్స్ వెళ్ళగలిగిందే అమెరికా సైన్యం కువైట్ బోర్డర్లో నిలబడబట్టి. సైన్యం లేకపోతే సద్దాం గేటు తీసేవాడా? ఆ సైన్యాన్ని వేసవి ఎండల్లో, రసాయన సూట్లు తొడిగి, ఇంకో ఆరు నెలలు నిలబెట్టలేరు. అది వాళ్ళ ఇబ్బంది. సమర్థిస్తున్నాను అనుకోకండి, నేను బుష్‌కి రెండుసార్లు ఓటేసినవాణ్ణి, నాకు ఇంకో వైపు కూడా తెలుసు. ఆ రోజుల్లో ఊళ్ళో భయం ఎలా ఉండేదో మీకు తెలీదు. ఆంత్రాక్స్ పొడి ఉత్తరాల్లో వస్తోందని పోస్టు డబ్బా తెరవడానికి మా ఆవిడ గ్లౌజులు వేసుకునేది. మనవాళ్ళు ఎయిర్‌పోర్టుల్లో తలలు వంచుకుని నడిచేవాళ్ళు. ఆ భయం బుష్ తయారుచేసింది కాదు.

గుంటూరు_గన్
తయారుచేయలేదు తాతగారూ, వాడుకున్నాడు. 2002 సెప్టెంబర్‌లో ఆయన చీఫ్ ఆఫ్ స్టాఫ్ ఆండ్రూ కార్డ్‌ని విలేకరి అడిగాడు, ప్రచారం ఆగస్టులోనే ఎందుకు మొదలుపెట్టలేదని. మార్కెటింగ్ ప్రకారం కొత్త ప్రాడక్టు ఆగస్టులో దింపకూడదు అన్నాడు. పేపర్లో అచ్చయింది. నవంబర్‌లో ఎన్నికలు, అక్టోబర్‌లో యుద్ధం మీద ఓటింగు. ఎవడు వద్దంటే వాడు దేశద్రోహి. సెనేట్‌లో 77-23, హిల్లరీ కూడా అవునంది.

ఉప్మా_వద్దు
ఆషాఢంలో కొత్త సరుకు దించకూడదు అని మన బట్టల షాపోడు కూడా అనడు, డిస్కౌంట్ పెడతాడు

కర్వ్_కాదు_కర్రీ
కర్వ్‌బాల్ గురించి ఎవరూ చెప్పలేదేంటి?? జర్మనీలో ఆశ్రయం కోరిన ఇరాకీ ఇంజనీరు. లారీల మీద తిరిగే జీవాయుధ ల్యాబులు ఉన్నాయని జర్మన్ గూఢచారులకి కథ చెప్పాడు. అతను నమ్మదగినవాడు కాదని జర్మన్లు హెచ్చరించారు, యుద్ధానికి ముందు అమెరికన్లు అతన్ని నేరుగా ప్రశ్నించనే లేదు. ఆ కథనే 2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ఐక్యరాజ్యసమితిలో బొమ్మలు గీయించి చూపించాడు. అవును అబద్ధం చెప్పాను, సద్దాం పోవాలని చెప్పాను అని 2011లో గార్డియన్‌కి అతనే చెప్పాడు. నా రికార్డులో ఇది మచ్చ అని పావెల్ 2005లో ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటే ఏం లాభం.

కరీంనగర్_కల్లు
మీరంత వాషింగ్టన్, లండన్ ముచ్చట వెడుతున్నరు. ఆడి జనం ముచ్చట చెప్తా. మా బావ 2013ల ఏజెంటుకు పైసలు గట్టి ఎర్బిల్ పోయిండు, కుర్దుల దిక్కు, కట్టుబడి పని. మా దిక్కు నుంచి, నిజామాబాద్, ఆదిలాబాద్ నుంచి చానమంది పోయిన్రు. 2014 జూన్‌ల ఐసిస్ మోసుల్ వట్టుకున్నంక ఇంట్ల పొయ్యి ఎలగలే. వీసా అయిపోయింది, కంపెనోడు పాస్‌పోర్ట్ ఇయ్యడు, జరిమాన కడితేనే పోనిస్తరంట. మా అక్క హైదరాబాద్‌ల ఏ ఆఫీసు మెట్లు ఎక్కాల్నో తెలువక తిరిగింది. ఆఖరికి వచ్చిండు గని అప్పు అట్లనే ఉన్నది.

ఐసిస్ ఏడికెళ్ళి పుట్టింది? 2003 మేల ఇరాక్‌ను నడిపిన అమెరికా అధికారి బ్రెమర్ అనెటోడు ఒక్క ఆర్డర్‌తోని ఇరాక్ మిలిటరీ మొత్తం రద్దు జేశిండు. లక్షలమంది, చేతిల తుపాకి, జేబుల పైస లేదు. అండ్ల ఆఫీసర్లు కొందరు తర్వాత ఐసిస్‌ల పెద్దలయిన్రు. మోటివ్ ఏందో నాకు ఎర్కలేదు, బిల్లు మాత్రం మా అక్క సుత కట్టింది.

రాయచోటి_రెక్క
@కరీంనగర్_కల్లు అన్నా, మా నాయన సద్దాం వల్ల, మీ బావ సద్దాం పోవడం వల్ల. గల్ఫ్‌కు పోయినోడికి యాడైనా ఇదే.

బ్యాలెన్స్‌షీట్
బిల్లు అన్నారు కాబట్టి. రమ్స్‌ఫెల్డ్ వాళ్ళు 50, 60 బిలియన్ డాలర్లు అన్నారు. వైట్‌హౌస్ ఆర్థిక సలహాదారు లారెన్స్ లిండ్సే 100 నుంచి 200 దాకా అవ్వొచ్చన్నాడు, 2002 డిసెంబర్‌కల్లా ఉద్యోగం ఊడింది. సైన్యాధిపతి షిన్‌సెకీ ఇరాక్‌ని నిలబెట్టాలంటే కొన్ని లక్షలమంది సైనికులు కావాలన్నాడు, వుల్ఫోవిట్జ్ రెండ్రోజుల్లో కొట్టిపారేశాడు. ఇరాక్ తన చమురుతో తన ఖర్చు తనే పెట్టుకుంటుంది అని కూడా అతనే. చివరికి ఖర్చు ట్రిలియన్లలోకి పోయింది. అసలు ఎస్టిమేటు చెప్తే కాంగ్రెస్ ఓటేసేది కాదు, అందుకే తక్కువ చూపించారు. ఇది పొరపాటు కాదని నేను ఆడిటర్‌గా సంతకం పెడతా.

లాభం పొందినవాడే కారణం కాదు అన్నాను, ఆ మాట మీదే ఉన్నా. కానీ లాభం పొందిన తీరు మాత్రం చూడాలి. హాలీబర్టన్ అనుబంధ సంస్థ కేబీఆర్‌కి ఆయిల్ బావుల బాగుచేత కాంట్రాక్టు టెండర్ లేకుండా ఇచ్చారు, గరిష్ఠ పరిమితి 7 బిలియన్లు. ఐదేళ్ళు టెండర్ లేకుండా ఇవ్వడం ఏంటని ఆర్మీ ఇంజనీర్ల విభాగంలో కాంట్రాక్టులు చూసే బన్నటైన్ గ్రీన్‌హౌస్ అనే అధికారి ఫైలు మీదే రాసింది. 2005లో ఆమెని ఆ పదవి నుంచి దించేశారు. ఇంకోటి, 12 బిలియన్ డాలర్ల క్యాషు, కట్టలు కట్టలుగా మిలిటరీ విమానాల్లో బాగ్దాద్‌కి పంపారు. ఇరాక్ సొంత చమురు డబ్బు అది. 8.8 బిలియన్లకి సరైన లెక్కలు లేవని ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ జనరల్ 2005లో తేల్చాడు.

ఉప్మా_వద్దు
నేను టీడీఎస్ ఫారం ఒకటి లేటుగా వేస్తే నోటీసు వచ్చింది

పల్నాటి_ప్రశ్న
మనవాళ్ళని కూడా సైన్యం పంపమన్నారు కదా?

మిట్టమధ్యాహ్నం
అవును, 2003 వేసవిలో. ఒక డివిజన్ అడిగారు, సుమారు 17 వేలమంది. ఢిల్లీలో పంపాలనే వాళ్ళూ ఉన్నారు, కాంట్రాక్టులొస్తాయి, అమెరికాతో దోస్తీ పెరుగుతుందని. వాజ్‌పేయి ప్రభుత్వం జులై 14న కుదరదంది, ఐక్యరాజ్యసమితి స్పష్టంగా చెప్తే చూద్దాం అని. వాజ్‌పేయి చేసిన మంచి పనుల్లో దీన్ని ఎవరూ లెక్కెయ్యరు. ఏ మోసుల్‌లోనో మన రెజిమెంట్లు ఇరుక్కునేవి.

బెజవాడ_బుల్లోడు
పుతిన్ కూడా ఉక్రెయిన్‌లో నాజీలు అన్నాడు, దాని మీద ఒక్కడూ మాట్లాడడు

గుంటూరు_గన్
వేరే టాపిక్ పెట్టు, వచ్చి తిడతాం. వాడికీ అదే రోగం, ముందు సైన్యం బోర్డర్‌కి, తర్వాత కారణం టీవీకి

పిట్టకథ_శీను
మావాడు తాతగారి వాదన కూడా పెట్టాడు, ఆయిల్ కంపెనీలకి యుద్ధం అక్కర్లేదని. టీచర్ రెండువైపులా రాయమందట. హెడ్డింగ్ మాత్రం "నిర్ణయం ముందు, సాక్ష్యం తర్వాత" అని పెట్టుకున్నాడు, మధ్యాహ్నంగారికి క్రెడిట్ ఇవ్వాలా అని అడుగుతున్నాడు.

మిట్టమధ్యాహ్నం
నాకొద్దు. 2016 జులైలో వచ్చిన చిల్కాట్ రిపోర్టు, బ్రిటన్ అధికారిక విచారణ నివేదిక, పెట్టుకోమనండి. బ్లెయిర్ 2002 జులైలో బుష్‌కి రాసిన నోటు ఉంది అందులో, ఏమైనా సరే నేను మీతోనే ఉంటా అని. యుద్ధానికి ఎనిమిది నెలల ముందు. ఆ నోటు ఒక్కటి జతచేస్తే చాలు, మనమంతా అనవసరం.

లండన్_లక్ష్మి
ఏడేళ్ళు రాశారండీ ఆ రిపోర్టు. శాంతి మార్గాలన్నీ అయిపోకముందే యుద్ధానికి వెళ్ళారు అని తేల్చింది. ఒక్కడికీ శిక్ష లేదు. బ్లెయిర్‌కి తర్వాత సర్ బిరుదు కూడా వచ్చింది.

టెక్సాస్_తాత
శిక్ష సంగతి వదిలెయ్యమ్మా. 2002 అక్టోబర్‌లో కాంగ్రెస్ ఇచ్చిన ఆ యుద్ధ అనుమతి, సద్దాం పోయాక కూడా ఏళ్ళ తరబడి చట్టంగానే ఉండిపోయింది. 2020 జనవరిలో బాగ్దాద్ ఎయిర్‌పోర్టు దగ్గర ఇరాన్ జనరల్ సులేమానీని చంపినప్పుడు, చట్టబద్ధత కోసం ట్రంప్ ప్రభుత్వం చూపించినవాటిలో అదీ ఒకటి. 2023 మార్చిలో సెనేట్ రద్దు చేద్దామని 66-30తో ఓటేస్తే ఆ ఏడాది దిగువసభలో కదల్లేదు. నేను ఓటేసిన పార్టీవాళ్ళే చాలామంది అడ్డం కూర్చున్నారు. మా కాంగ్రెస్‌మన్ ఆఫీసుకి ఫోన్ చేసి అడిగా, మీ అభిప్రాయం నోట్ చేసుకున్నాం సర్ అన్నారు.

ఓరుగల్లు_అన్న
తాతా నువ్వు ఫోన్ జేశినవా!! రెండుసార్లు బుష్‌కు ఓటేశి!

టెక్సాస్_తాత
ఓటేశా కాబట్టే చేశా. ఆ ఆయిల్ మాట మాత్రం ఇంకా ఒప్పుకోను తమ్ముడూ, రేపు మళ్ళీ రా.